డబ్బా ఇక్కడే ఉంది కద!

పోయిన నవంబరులో ఓ ఆదివారం. పొద్దున ఏడున్నరకి ఫోన్.

“బిడ్డా, ఊళ్లెనే ఉన్నవా? విండోస్ బంద్ అయిందట కద. మన కంప్యూటర్ ఇగ నడుస్తదా, నడ్వదా?”

మా వీధి చివరింటి కాక. బొంతపల్లిలోనే ఓ మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర చేస్తాడు. నైట్ షిఫ్ట్ దిగి, స్నానం కూడా చేయకుండా ఫోన్ చేసినట్టున్నాడు. “బంద్ ఏం కాలే కాక, నడుస్తది. వస్తున్న ఆగు” అని పెట్టేశాను. పెట్టేశాక కాసేపు మంచం మీదే కూర్చున్నా. కాక ఇంట్లో కంప్యూటర్ అంటే నాకు ఇప్పటికీ కొంచెం భయం.

నేను చేసేది హైదరాబాద్‌లో కోడ్ రాసే ఉద్యోగం. కానీ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే ప్రింటర్, సీసీ కెమెరా, వైఫై అన్నీ బాగుచేసేవాడని లెక్క. శనివారం సాయంత్రం కమాన్ దగ్గర బస్సు దిగి ఇంటికి చేరేలోపే ఎవరో ఒకరు ఆపుతారు. బొంతపల్లి, గడ్డపోతారం, కాజీపల్లి, ఇటు పటాన్‌చెరు దాకా కంపెనీల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో నేను చూసినవి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లే. ఆఫీసులు కొన్నేళ్లు వాడి తీసేస్తే, సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల తుడిచి అమ్ముతారు. మంచి మెషీన్లే. గొడవంతా లోపల విండోస్ ఎవరు, ఎలా ఎక్కించారన్న దగ్గరే.

ఎక్కడ ఏ తేడా వచ్చినా మన దగ్గర మందు ఒకటే. ‘ఫార్మాట్ కొట్టేయ్’. స్లోగా ఉందా, ఫార్మాట్. సౌండ్ రావట్లేదా, ఫార్మాట్. నేనూ అలాగే కొట్టాను ఒకసారి.

రెండుసార్లు కనబడిన పెన్‌డ్రైవ్

2016. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మా ఊరు అప్పటికింకా మెదక్ జిల్లాలోనే ఉంది. కాక ఇంట్లో విండోస్ 7 ఉన్న డెస్క్‌టాప్, ఆన్ కావడానికే ఐదు నిమిషాలు. విండోస్ 10 వేస్తానని నేనే ఉత్సాహపడ్డా. పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని వెళ్లి పెట్టాను. అంతా బాగానే నడిచి, డిస్క్ ఎంచుకునే దగ్గర ఆగింది. ఈ డిస్క్‌లో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్ఐ సిస్టమ్‌లలో విండోస్‌ను జీపీటీ డిస్క్‌లోనే ఎక్కించగలం అని ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు. నాకు ముక్క అర్థం కాలేదు. ఫోన్‌లో యూట్యూబ్ తెరిచా. ఒకతను చకచకా చూపించాడు: షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కు, డిస్క్‌పార్ట్ అని కొట్టు, డిస్క్ సున్నా ఎంచుకో, ‘క్లీన్’ అను, తర్వాత ‘కన్వర్ట్ జీపీటీ’. కొట్టాను. క్లీన్ అన్నది సెకనులో అయిపోయింది. విండోస్ ఎక్కింది. కాక ఇంట్లో ఆ రోజు కోడికూర.

నాలుగు రోజుల తర్వాత కాక అడిగాడు, “డీ డ్రైవ్ ఏది బిడ్డా?”

అందులో చిన్నమ్మ ఫొటోలున్నాయి. చిన్నమ్మ పోయి అప్పటికి ఏడాది. పాత నోకియా ఫోన్ మెమరీ కార్డు పాడైపోతుందేమోనని కాకే జాగ్రత్తగా కంప్యూటర్‌లో వేయించి పెట్టుకున్నాడట. వీరభద్రస్వామి జాతరలో తీసిన చిన్న వీడియో కూడా. అందులో ఆమె గొంతు ఉంది.

“పోయినయి కాక” అన్నాను. ఇంకేం అనాలో తెలీలేదు.

కాక తిట్టలేదు. సీపీయూ వైపు చూసి, “ఎందుకు పోతయి? డబ్బా ఇక్కడే ఉంది కద” అన్నాడు.

పెద్దాయనకి తెలీక అంటున్నాడనుకున్నా. తెలియంది నాకు.

చెప్పేది వినండి. ఎంబీఆర్ అనేది డిస్క్ మొదట్లో ఉండే చిన్న పట్టిక. ఏ డ్రైవ్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో రాసి ఉంటుంది. 1983 నాటి పద్ధతి. దాని తర్వాత వచ్చింది జీపీటీ. (చాట్‌జీపీటీలో జీపీటీకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.) బయోస్ పాత పద్ధతిలో లేస్తే ఎంబీఆర్ నుంచి, కొత్తదైన యూఈఎఫ్ఐ పద్ధతిలో లేస్తే జీపీటీ నుంచి విండోస్ మొదలవుతుంది. ఆ రోజు కంప్యూటర్ చెప్పింది ఇంతే: ‘నువ్వు నన్ను కొత్త పద్ధతిలో లేపావు, డిస్క్ పాత పద్ధతిలో ఉంది.’ రీస్టార్ట్ చేసి బూట్ మెనూలోకి వెళ్తే అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడేది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదాని ముందు ఉండదు. నేను ఆ రెండోది ఎంచుకుని, సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసుంటే సరిపోయేది. డీ డ్రైవ్ జోలికే పోనక్కర్లేదు.

ఇంకోటి. 500 జీబీ డిస్క్‌ను నిజంగా తుడవాలంటే గంటలు పడుతుంది. సెకనులో అయిందంటే తుడిచింది పట్టికను మాత్రమే. ఇంటి ముందు నెంబరు చెరిపేసినట్టు. ఫొటోలు లోపలే ఉన్నాయి. వాటి మీద కొత్తవి రాయకుండా, ఆ రోజే కంప్యూటర్ ఆపేసి, హార్డ్‌డిస్క్ ఊడదీసి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటి ఉచిత టూల్స్‌తో వెతికితే చాలావరకు దొరికేవి. ఈ సంగతి నాకు మూడో సంవత్సరంలో తెలిసింది. అప్పటికే డీ డ్రైవ్ సినిమాలతో నిండిపోయింది. తప్పు చేశానన్న బాధలో కాకని సంతోషపెడదామని ఆ సినిమాలు తెచ్చి ఎక్కించింది కూడా నేనే.

వెతికితే చిన్నా పెద్దా ముక్కలు ఏవో వచ్చాయి, సగం బూడిదరంగు. తర్వాత చుట్టాలందరినీ అడిగి, పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఫొటో తీసి, వాట్సాప్‌లో వచ్చినవి దాచి మొత్తం పదకొండు పోగుచేశాం. వీడియో దొరకలేదు.

ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో ఈ ఆశ కూడా తక్కువే. ట్రిమ్ అనే పద్ధతిలో చెరిపిన చోటును అది తనంతట తాను ఖాళీ చేసేసుకుంటుంది. కాబట్టి ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా నేను మొదట అడిగేది ఒకటే: ఇందులో ఏమున్నాయి, ఇంకెక్కడైనా ఉన్నాయా? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయన్నది చాలామందికి తెలీదు. సీ ఫార్మాట్ చేస్తే అవీ పోతాయి. విండోస్ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవీ పోతాయి.

ఫార్మాట్ అక్కర్లేనివి

విండోస్ ఎక్కాక వైఫై, నెట్ ఏదీ రావట్లేదని తల పట్టుకుంటారు. డ్రైవర్ లేదు, డ్రైవర్ తెచ్చుకోడానికి నెట్ లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్ ఎందుకు మరి? ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మామూలుగా ఏ డ్రైవరూ అడక్కుండా నెట్ వస్తుంది. అప్పుడు విండోస్ అప్‌డేట్ నడిపితే మిగతా డ్రైవర్లు చాలావరకు అదే తెచ్చుకుంటుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కిస్తుంటే అసలు డిస్కే కనబడదు. ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని మార్పించినవాళ్లున్నారు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా వాటిలో వీఎండీ అనే ఏర్పాటు ఉంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపిస్తే డిస్క్ కనబడుతుంది.

పాత డెస్క్‌టాప్‌లో ఏ వెబ్‌సైటూ తెరుచుకోకుండా ‘సెక్యూర్ కాదు’ అంటుంటే ముందు మూలనున్న తేదీ చూడండి. చాలా ఏళ్లు వెనక్కి వెళ్లిపోయి ఉంటే మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయినట్టు. గడియారం తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు. గుడి దగ్గర పూజ సామాను షాపు అతను ఇదే సమస్యకి రెండుసార్లు ఫార్మాట్ కొట్టించుకున్నాడు, డబ్బులిచ్చి.

ఏదో సాఫ్ట్‌వేర్ తెరిస్తే ‘వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ లేదు’ అంటుంది. ఆ ఒక్క ఫైలూ ఇచ్చే సైట్లు గూగుల్‌లో బోలెడు. వాటి జోలికి పోకండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విజువల్ సీ ప్లస్‌ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ ఉచితంగా ఉంటుంది, అది ఎక్కిస్తే చాలు.

క్రాక్‌ల గురించి నీతులు చెప్పను, కాలేజీలో నేనూ వాడినవాణ్నే. కానీ ‘ముందు యాంటీవైరస్ ఆపు’ అని చెప్పే ఏ ఫైలైనా, తాళం తీసి పక్కన పెట్టమనే దొంగతో సమానం. స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా పాకింది ఇలాంటి క్రాక్‌ల ద్వారానే. అది ఫొటోలన్నీ తాళమేసి డబ్బు అడుగుతుంది. యాక్టివేట్ చేయకపోయినా విండోస్ నడుస్తుంది, మూలన ఓ రాత కనబడుతుందంతే. వర్డ్, ఎక్సెల్ పనులకి లిబ్రెఆఫీస్ ఉచితం.

పదకొండు

ఇంతకీ కాక భయం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు, కొత్త భద్రతా అప్‌డేట్‌లు రావు, అంతే. ఇళ్లలో వాడేవాళ్లకి అదనపు అప్‌డేట్‌లు 2026 అక్టోబరు 13 దాకా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ సింక్ పెట్టుకుంటే ఉచితమే, అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. విండోస్ 11కి పోవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ కావాలి.

కాక కూతురు ఇప్పుడు డిగ్రీ కంప్యూటర్స్. చెల్లె కోసం రెండేళ్ల కింద సెకండ్‌హ్యాండ్‌లో వేరే డెస్క్‌టాప్ కొన్నారు, 8వ తరం ఐ5. అన్నీ సరిపోతాయి. కానీ పీసీ హెల్త్ చెక్ నడిపితే సరిపోదంటోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే అర్థమైంది. షాపులో పాత పద్ధతిలో లేపి ఎక్కించారు. డిస్క్ ఎంబీఆర్. మళ్లీ అదే.

ఈసారి ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి డీ డ్రైవ్ మొత్తం కాపీ చేశాను. కాపీ అయినవి తెరిచి చూశాను కూడా. తర్వాత ఎంబీఆర్2జీపీటీ. 2017 నుంచి విండోస్ 10లోనే ఉంటున్న ఈ టూల్, ఫైళ్లు ముట్టుకోకుండా పట్టికను మాత్రం మారుస్తుంది. ముందు ‘వ్యాలిడేట్’ అని అడగాలి, ఒప్పుకుంటేనే ‘కన్వర్ట్’. ఎక్స్‌టెండెడ్ పార్టిషన్లు ఉంటే ఒప్పుకోదు, మూడు ప్రైమరీల దాకే. కాకవి సరిగ్గా మూడు.

“ఏం కొడుతున్నవ్?” అన్నాడు కాక, కుర్చీ దగ్గరికి లాక్కుని.

“క్లీన్ అయితే కొడ్తలేను” అన్నాను. చెల్లె నవ్వింది, కాక నవ్వలేదు.

కన్వర్ట్ అయింది. రీస్టార్ట్ చేశా. నల్ల స్క్రీన్. బూట్ అయ్యే డివైస్ ఏదీ లేదంటూ తెల్ల అక్షరాలు.

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. కాక స్క్రీన్ వైపు చూడట్లేదు, టేబుల్ మీది ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నా బుర్రలో వెలగడానికి అర నిమిషం పట్టింది. పట్టిక మారింది, బయోస్ ఇంకా పాత పద్ధతిలోనే లేస్తోంది. ఎఫ్2 నొక్కి లోపలికెళ్లి యూఈఎఫ్ఐకి మార్చా. సెక్యూర్ బూట్, టీపీఎం ఆన్ చేశా. లేచింది. హెల్త్ చెక్ ఈసారి పచ్చ టిక్కు ఇచ్చింది.

విండోస్ 11 దిగుతుంటే చెల్లె తన గోడు చెప్పింది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఏ ప్రాజెక్టు తెరిచినా దారిలో ఇంగ్లిష్ కాని అక్షరాలున్నాయంటూ ఎర్రర్. విండోస్ ఖాతాకి ముచ్చటపడి తన పేరు తెలుగులో పెట్టుకుంది. ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే వచ్చింది. ప్రోగ్రామింగ్ టూల్స్ కొన్నింటికి ఇప్పటికీ అది మింగుడుపడదు. పైన కనబడే పేరు మార్చినా లోపల ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొత్త ఖాతా తెరిచి, అందులో స్టూడియో ఎక్కించి, ఆ తర్వాత పేరు తెలుగులోకి మార్చి ఇచ్చా. ఇప్పుడు లోపల ఇంగ్లిష్, పైకి తెలుగు. ఇందులో తప్పు తెలుగుది కాదు, ఆ టూల్స్ రాసిన మా జాతిది.

మధ్యాహ్నం రెండయింది. నేను లేవబోతుంటే కాక ఆపి, “డీ డ్రైవ్ తెరువు ఓసారి” అన్నాడు. తెరిచాను. అద్దాలు పెట్టుకుని, స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ ఇంకోసారి లెక్కపెట్టాడు.

“కూసో. అన్నం తిని పో” అన్నాడు.