మల్టిపుల్ స్క్లీరోసిస్: చికిత్స, సహనం, కుటుంబ బాధ్యత

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అది దెబ్బతిన్నప్పుడు వైద్యం చేయించుకోవడం ఆయనపై నమ్మకానికి విరుద్ధం కాదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా బోధించారు. అయినా కొన్ని వ్యాధుల విషయంలో మన ఇళ్లలో విలువైన కాలం వృథా అవుతోంది. మల్టిపుల్ స్క్లీరోసిస్ అటువంటి వ్యాధి. వైద్యులు దీనిని క్లుప్తంగా ఎం.ఎస్. అంటారు.

వ్యాధి స్వరూపం

మెదడు, వెన్నుపాము, కంటి నరాలలోని తంతువుల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది. కరెంటు తీగకు తొడుగు ఎలాగో నరానికి ఈ పొర అలాగు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఈ పొరపై దాడి చేయడం వల్ల ఎం.ఎస్. కలుగుతుంది. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. ఇది అంటువ్యాధి కాదు.

ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య ఇది బయటపడుతుంది. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం. ఒక కంటి చూపు మసకబారడం, కన్ను కదిపితే నొప్పి, కాళ్లూ చేతుల తిమ్మిరి, నడకలో తూలు, వస్తువులు రెండుగా కనిపించడం, మూత్రం ఆపుకోలేకపోవడం, తీరని అలసట దీని లక్షణాలు.

చాలామందిలో మొదట ఈ లక్షణాలు కొన్ని రోజులో, వారాలో ఉండి వాటంతటవే తగ్గుతాయి. ఈ తగ్గుదలే మనలను మోసగిస్తుంది. తాయెత్తు కట్టించిన వారంలో చూపు తిరిగి వస్తే అది తాయెత్తు మహిమేనని భావిస్తాము. నిజానికి అది వ్యాధి స్వభావం. పైకి నెమ్మదించినా లోపల నష్టం కొనసాగుతూ ఉండవచ్చు. నశించిన నరపు తంతువు మళ్లీ మొలవదు. కనుక పై లక్షణాలు ఒకరోజుకు మించి నిలిస్తే నరాల వైద్యుని సంప్రదించాలి. ఎం.ఆర్.ఐ. పరీక్ష, అవసరమైతే వెన్ను నీటి పరీక్ష ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు.

చికిత్స

వ్యాధి తీవ్రంగా విజృంభించినప్పుడు సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులు స్టెరాయిడ్ మందును నరం ద్వారా ఎక్కిస్తారు. ఇది ఆ దాడి నుంచి త్వరగా కోలుకోవడానికి మాత్రమే. మున్ముందు దాడులను తగ్గించే మందులు వేరు. వాటిలో మొదటిదైన ఇంటర్‌ఫెరాన్ బీటా 1993లో అమెరికాలో ఆమోదం పొందింది. తరువాత నోటి మాత్రలు, ఆరు నెలలకొకసారి ఎక్కించే మందులు కూడా వచ్చాయి. వ్యాధిని సమూలంగా తొలగించే మందు ఇంకా లేదు. అయితే త్వరగా చికిత్స ప్రారంభించినవారిలో వైకల్యం చాలావరకు వాయిదా పడుతోంది.

ఖర్చు పెద్ద భారమే. మన దేశంలో విరివిగా వాడే రిటుక్సిమాబ్‌తో పాటు గ్లాటిరామర్, క్లాడ్రిబిన్ మందులను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను గుర్తించింది. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయడంలో సంకోచం అనవసరం.

ఇల్లు, ఆరాధన

వేడి ఈ రోగులకు శత్రువు. శరీర ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా పాత లక్షణాలు తాత్కాలికంగా తిరగబెడతాయి. మన వేసవిలో వంటపని ఉదయపు చల్లదనంలోనే ముగించుకోవడం, చల్లని నీటితో స్నానం, మధ్యాహ్న విశ్రాంతి మేలు చేస్తాయి. వైద్యుని సలహాతో తేలికపాటి వ్యాయామం కొనసాగించాలి. పొగ తాగడం వ్యాధిని ముదిరిస్తుంది.

నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. వ్యాధిగ్రస్తులు ఉపవాసాలను ఇతర దినాలలో పూర్తి చేసుకునే వెసులుబాటును బఖరా సూరా ఇచ్చింది. శాశ్వతంగా శక్తి లేనివారికి ఫిద్యా మార్గముంది. రంజాన్ రాకముందే వైద్యునితోనూ, ధర్మవేత్తతోనూ మాట్లాడుకోవాలి. సొంతంగా మందు మానడం ప్రమాదకరం.

కోడలి అలసట

ఎం.ఎస్. అలసట కంటికి కనిపించదు. పైకి ఆరోగ్యంగా కనిపించే కోడలు మధ్యాహ్నానికే మంచం పడితే ఆమెను సోమరి అని నిందించే ఇళ్లున్నాయి. ఆ నింద రోగం కంటే ఎక్కువగా కుంగదీస్తుంది. వ్యాధి సోకిన ఆడపిల్ల విషయం దాచి నికాహ్ జరిపించడమూ, విషయం తెలియగానే ఆమెను పుట్టింటికి పంపడమూ రెండూ అన్యాయాలే. ఎం.ఎస్. ఉన్న స్త్రీలు తల్లులు కాగలరు. గర్భధారణ సమయంలో దాడులు సాధారణంగా తగ్గి, ప్రసవానంతరం మొదటి మూడు నెలల్లో పెరుగుతాయి. కొన్ని మందులు గర్భస్థ శిశువుకు హానికరం కనుక సంతానం కోరుకునే దంపతులు ముందే వైద్యునికి తెలియజేయాలి. ప్రసవానంతరం ఆ తల్లికి అత్తగారి చేయూత, భర్త ఓర్పు మరింత అవసరం.

రోగిని పరామర్శించడం మన ధర్మంలో ఒక ముస్లిం మరో ముస్లింకు చెల్లించవలసిన హక్కు. ఎం.ఎస్. రోగి ఇంటికి వెళ్లినప్పుడు సలహాలు తగ్గించి, ఒక పూట వంట మనం చేసి పెడదాము. ఆసుపత్రికి తోడు వెళదాము. దుఆతో పాటు మన చేతులూ వారికి అందాలి.