కాటా చూపే కిలోల్లో కొవ్వెంత?

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లొచ్చి, గారెలూ కోడిపులుసూ, పండక్కి చేసిన అరిసెలూ సున్నుండలూ కడుపారా తిన్న మనిషి ముక్కనుమ పొద్దున్నే కాటా ఎక్కితే అది రెండు కిలోలు ఎక్కువ చూపించవచ్చు. బరువు తగ్గాలని మూడు నెలలుగా నోరు కట్టుకున్నవాళ్లు ఆ అంకె చూసి పడ్డ కష్టమంతా వృథా అయిందనుకుంటారు. కొందరు ఆ రోజుతో ప్రయత్నమే మానేస్తారు. ఆ నిరాశకు ఆధారం లేదని చెప్పడానికి చిన్న లెక్క చాలు. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయినదానికి పైన సుమారు 7,700 కేలరీలు మిగలాలి. రెండు కిలోలకు 15,400 కావాలి. రోజుకు రెండు వేల కేలరీలు ఖర్చు చేసే మనిషి మామూలు తిండి తిన్నాక, దానిమీద మరో ఏడెనిమిది రోజుల తిండి ఆ ఒక్కరోజే తింటే తప్ప అంత కొవ్వు చేరదు. కోనసీమ వాళ్లు ఎంత కొసరి కొసరి వడ్డించినా అంత తినడం ఎవరి తరమూ కాదు.

మరి ఆ రెండు కిలోలు ఎక్కడివి? కొంత, తిన్న తిండి బరువే. అది పేగుల్లోంచి పూర్తిగా బయటికి వెళ్లడానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాతది ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లోని ద్రవాలతో సరిపోయే గాఢత అదే కాబట్టి ఆ పాళ్లలో కలుపుతారు. శరీరం ఆ గాఢతను పెద్దగా మారనివ్వదు. ఉప్పు ఎక్కువైతే దాహం పుట్టించి నీళ్లు తాగిస్తుంది, మూత్రం తగ్గించి నీటిని దాచుకుంటుంది. అంటే 9 గ్రాముల ఉప్పు అదనంగా ఒంట్లో నిలిస్తే, కిడ్నీలు దాన్ని బయటికి పంపేదాకా దాంతోపాటు లీటరు దాకా నీరు నిలుస్తుంది. లీటరు నీరంటే కాటా మీద కిలో. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, ఎండుచేపలు, పులుసు ఉన్న విస్తరిలో ఆ హద్దు ఒక్కపూటలోనే దాటిపోవడం కష్టం కాదు. మూడోది పిండిపదార్థం. అన్నం, బెల్లం తిన్నప్పుడు వెంటనే ఖర్చు కాని చక్కెరలో కొంత భాగాన్ని కాలేయం, కండరాలు గ్లైకోజెన్ రూపంలో నిలవ చేసుకుంటాయి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా పడుతుంది. గ్రాము గ్లైకోజెన్‌ను పట్టుకుని దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది. ఆ నిలవ నిండుగా ఉన్నప్పటికీ ఖాళీ అయినప్పటికీ ఒంటి బరువులో ఒకటిన్నర రెండు కిలోల తేడా ఉంటుంది. ఆ తేడాలో కొవ్వు గ్రాము కూడా లేదు.

ఈ లెక్కను తలకిందులుగా చూస్తే తెలుగువాళ్లందరికీ గుర్తున్న ఒక సంగతి అర్థమవుతుంది. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా పాకింది. అన్నం, పప్పు, పళ్లు మానేసి కొబ్బరినూనె వంటి కొవ్వులు, నిమ్మరసం, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలతో రోజులు గడపడం అందులో ముఖ్యం. మొదటి వారంలోనే కిలోలకు కిలోలు దిగాయని ఎందరో సంబరంగా చెప్పుకున్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, కాటా కూడా తప్పు చూపలేదు. పిండిపదార్థం ఆగిపోగానే గ్లైకోజెన్ ఖర్చయిపోతుంది, దాన్ని పట్టుకున్న నీరు మూత్రంలో వెళ్లిపోతుంది. ఇన్సులిన్ తగ్గడంతో కిడ్నీలు ఉప్పును కూడా ఎక్కువగా వదిలేస్తాయి. దాని వెంట ఇంకొంత నీరు పోతుంది. ఆ మొదటి వారం వేగాన్ని చూసి కొవ్వే అంత జోరుగా కరుగుతోందని అనుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది.

ఈ మాటకు గట్టి ఆధారం చాలా కాలంగా ఉంది. 1976లో అమెరికాకు చెందిన యాంగ్, వాన్ ఇటాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆరుగురు స్థూలకాయులను పరిశోధన వార్డులో ఉంచి పరీక్షించారు. పదేసి రోజులు, ఒకసారి పిండిపదార్థం బాగా తగ్గించిన 800 కేలరీల ఆహారం, మరోసారి అన్నీ కలిసిన 800 కేలరీల ఆహారం పెట్టారు. పిండిపదార్థం తగ్గించినప్పుడు బరువు రోజుకు సగటున 467 గ్రాములు తగ్గింది. మిశ్రమాహారంలో తగ్గింది 278 గ్రాములే. కాటా ఒక్కటే చూస్తే మొదటిదే తిరుగులేని విజేత. కానీ వాళ్లు అక్కడితో ఆగకుండా తగ్గిన బరువులో ఏముందో లెక్కగట్టారు. మొదటి పద్ధతిలో పోయినదాంట్లో 61 శాతం నీరు, 35 శాతం కొవ్వు. రెండోదాంట్లో 37 శాతం నీరు, దాదాపు 60 శాతం కొవ్వు. గుణించి చూస్తే రోజుకు పోయిన కొవ్వు ఒకచోట సుమారు 163 గ్రాములు, ఇంకోచోట 165. రెండూ ఒకటే! కాటా మీద పది రోజుల్లో కనిపించిన దాదాపు రెండు కిలోల తేడా ఇంచుమించు అంతా నీరే. ఆరుగురి మీద చేసిన చిన్న ప్రయోగమే అయినా, ఒకే మనుషుల మీద రెండు పద్ధతులనూ అంత జాగ్రత్తగా చూడటం వల్ల దాని విలువ ఇప్పటికీ తగ్గలేదు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులకు ఇలాంటిది రోజూ చూసే సంగతే. పచ్చికొబ్బరిలో దాదాపు సగం నీరు ఉంటుంది. ఎండేసరికి అది ఆరేడు శాతానికి దిగి బరువు సగానికి పడిపోతుంది, నూనె మాత్రం ఎక్కడికీ పోదు. ఒంటి విషయంలోనూ కాటా మీది తరుగును అలాగే విడదీసి చూడాలి. పోయింది నీరా, నూనెలాంటి కొవ్వా అన్నది తేలకుండా సంబరమూ వద్దు, దిగులూ వద్దు.

ఇదే పరికరాన్ని ఆసుపత్రుల్లో ఎలా చదువుతారో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఉద్దానం వైపు సోంపేట, పలాస డయాలసిస్ కేంద్రాల్లో రోగిని మంచం ఎక్కించే ముందు కాటా ఎక్కిస్తారు. కిందటి డయాలసిస్ తర్వాత ఎన్ని కిలోలు పెరిగాడో చూసి, ఈసారి ఎన్ని లీటర్ల ద్రవం తీయాలో దాన్నిబట్టి నిర్ణయిస్తారు. పెరిగిన రెండున్నర కిలోలను అక్కడ ఎవరూ కొవ్వు అనుకోరు. గుండె బలహీనపడిన రోగులను రోజూ బరువు చూసుకోమనేదీ ఇందుకే. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని, వెంటనే డాక్టరుకు చెప్పాలని హెచ్చరిస్తారు. అంటే రోజుల తేడాలో కాటా నమ్మకంగా చెప్పేది నీటి కబురే. అక్కడ నీరని చదివే అంకెను ఇంట్లో కొవ్వని చదవడం వల్లే ఇంత గందరగోళం.

కొవ్వు కదలిక చాలా నిదానం. రోజుకు 500 కేలరీలు తగ్గించి తినడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. అంత నిష్ఠగా ఉన్నా రోజుకు కరిగేది 65 గ్రాముల కొవ్వే, వారానికి అరకిలో లోపు. అదే రోజులో నీరు, తిండి, మలమూత్రాల వల్ల బరువు కిలో అటూ ఇటూ ఊగుతుంది. 65 గ్రాముల కదలికను కిలో ఊగిసలాటలో వెతకడం అయ్యే పని కాదు. మే నెల ఉక్కలో కొబ్బరిచెట్లెక్కే దింపు కార్మికులకు గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. రెండు చెంబుల నీళ్లు తాగితే ఆ బరువు తిరిగొస్తుంది. స్త్రీలలో నెలసరికి ముందు నీరు నిలిచి అరకిలో నుంచి రెండు కిలోల దాకా పెరగడం మామూలే. నెల పొడవునా శ్రద్ధగా తిన్న అమ్మాయి సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే కాటా ఎక్కితే కరిగిన కొవ్వంతా ఆ నీటి చాటున దాక్కుంటుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకూ కండరాలు నొప్పులు పెట్టి, నీరు పట్టి, మొదటి ఒకటి రెండు వారాలు అంకె కదలదు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, పయోగ్లిటజోన్ వంటి మందులు బరువు పెంచే దిశలో, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి తగ్గించే దిశలో పనిచేస్తాయి. ఇవన్నీ కలిసి రాసిన అంకెను మన క్రమశిక్షణకు వేసిన మార్కుగా తీసుకోవడం మనకు మనం చేసుకునే అన్యాయం.

యంత్రం తప్పుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దుకాణంలో కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి గానీ ఇంట్లోదాన్ని కొన్నాక సరిచూసేవాళ్లు లేరు. సముద్రపు గాలికి స్ప్రింగు తుప్పు పడుతుంది. డిజిటల్ కాటాను చాప మీదో ఎగుడుదిగుడు గచ్చు మీదో పెడితే దాని కాళ్లలోని సెన్సర్ల మీద భారం సరిగా పడదు. చదునైన గచ్చు మీద ఒకేచోట ఉంచితే ఈ చిక్కు చాలావరకు పోతుంది. పాదాల్లోంచి చిన్న కరెంటు పంపి కొవ్వు శాతం చెబుతామనే కాటాల సంగతి వేరు. అవి కొవ్వును నేరుగా కొలవవు. కరెంటుకు ఒళ్లు ఎంత అడ్డుపడుతుందో చూసి, దాన్నుంచి ఒంట్లో నీరెంతో, దాన్నుంచి కొవ్వెంతో అంచనా కడతాయి. చివరికి అవీ నీటి మీదే ఆధారపడ్డాయి. దాహంతో ఉన్నప్పుడు ఒక శాతం, నీళ్లు తాగాక మరో శాతం చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే క్రమం తప్పకుండా బరువు చూసుకునేవాళ్లే తగ్గిన బరువును నిలబెట్టుకుంటున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 1994 నుంచి నడుస్తున్న జాతీయ రిజిస్ట్రీలో, పదమూడున్నర కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు నమోదు చేస్తారు. వాళ్లలో మూడొంతుల మంది వారానికి ఒకసారైనా కాటా ఎక్కుతారు. కాబట్టి కాటాను అటక ఎక్కించమనడం నా ఉద్దేశం కాదు. రోజూ ఎక్కినా మంచిదే, కానీ ఏ ఒక్కరోజు అంకెనూ పట్టించుకోకూడదు. పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, కాఫీ తాగకముందు చూసిన ఏడు రోజుల బరువులు కూడి ఏడుతో భాగిస్తే ఊగిసలాటలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ సగటును మూడు నాలుగు వారాల కిందటి సగటుతో పోల్చాలి. స్త్రీలైతే కిందటి నెల అదే వారంతో పోల్చుకోవడం ఇంకా మేలు. రోజూ అంకె చూస్తే మనసు పాడయ్యేవాళ్లు, తిండి మీద భయం పెంచుకునేవాళ్లు కాటా జోలికి పోకపోయినా నష్టం లేదు.

ఇంకో వాదన ఎదురు దిక్కునుంచి వస్తుంది. కాటా కదలకపోతే 'కొవ్వు పోయి కండ పట్టింది' అని సర్దిచెప్పుకోవడం జిమ్ముల్లో బాగా వినబడుతుంది. అందులో నిజం కొంతే. తక్కువ తింటూ నెలకు కిలోల కొద్దీ కండ పెంచడం చాలామందికి సాధ్యం కాదు. పైగా వ్యాయామం, తగినంత ప్రొటీన్ లేకుండా తగ్గినప్పుడు పోయిన బరువులో సుమారు పావు వంతు కండ వంటి కొవ్వు కాని భాగమే ఉండవచ్చు. అది కాటా మీద విజయంలాగే కనిపిస్తుంది. అరవై దాటిన మనిషికి మాత్రం అది మెట్లెక్కే శక్తి పోవడమే. పోతున్నది కొవ్వేనా అన్నది తేల్చడానికి దర్జీ టేపు ఉపయోగపడుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా చుట్టుకొలత తీయాలి. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే ప్రమాదమని మన వైద్య నిపుణులు హద్దు పెట్టారు. బరువు నిలకడగా ఉండి నడుము తగ్గుతుంటే పని జరుగుతోందని నమ్మవచ్చు. రెండూ నెలల తరబడి కదలకపోతే తిండి లెక్క మళ్లీ చూసుకోవాల్సిందే.

నడుముకు ఇంత విలువ ఇవ్వడానికి మన ఒంటి తీరే కారణం. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటోలు పక్కపక్కన వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బాడీ మాస్ ఇండెక్స్ ఇద్దరికీ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. ఆ ఇండెక్స్ ఇద్దరినీ సమానమే అంది. చూడ్డానికి సన్నగా ఉండి పొట్ట దగ్గర, కాలేయం దగ్గర కొవ్వు దాచుకోవడం మనవాళ్లలో ఎక్కువ. షుగరు జబ్బు తక్కువ బరువుకే రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల్లో జరిపి 2006లో ప్రచురించిన సర్వేలో 30 ఏళ్లు నిండినవారిలో దాదాపు 13 శాతానికి మధుమేహం ఉందని తేలింది. వాళ్లలో సగం మందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. 62 కిలోలే ఉన్నానన్న ధీమాతో పరీక్షకు వెళ్లని మనిషిని కాటా మోసం చేసే తీరు, లావుగా ఉన్నవాళ్లను నిరాశపరిచే తీరుకన్నా ప్రమాదకరం.

దీనికన్నా ప్రమాదకరమైన సందర్భం ఇంకొకటుంది. షుగరు అదుపు తప్పినప్పుడు చక్కెర మూత్రంలో పోతుంది, దాన్ని మోసుకుంటూ నీరూ పోతుంది. కణాలకు చక్కెర అందక ఒళ్లు తన కండనూ కొవ్వునూ కరిగించుకుంటుంది. కాటా మీద అంకె వారం వారం దిగుతుంటుంది. క్షయ, థైరాయిడ్ ఎక్కువ కావడం, కొన్ని క్యాన్సర్లలోనూ ఇలాగే జరుగుతుంది. ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల ఒంటి బరువులో 5 శాతానికి మించి, అంటే 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలకు పైగా తగ్గితే వైద్యులు దాన్ని కారణం వెతకాల్సిన లక్షణంగా తీసుకుంటారు. చుట్టాలు 'సన్నబడ్డావు, బాగున్నావు' అంటున్నా సరే, దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం తోడైతే ఆ వారమే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తంలో చక్కెర చూపించుకోవాలి.