దత్తాంశ శబ్దవిచారము

మైదుకూరున బాలురకు పాఠములు చెప్పు మిత్రుఁడొకఁడు నన్నిట్లు ప్రశ్నించెను: “కంప్యూటరున కందించు సమాచారమును పిల్లలలోఁ గొందఱు ‘డేటా’ యనుచున్నారు, కొందఱు ‘డాటా’ యనుచున్నారు. గణితపుస్తకమున ‘దత్తాంశము’ అని యున్నది. ఏది సాధువు? దేనికి మార్కులు తగ్గింపవలెను?” బాలుర మార్కులకు సంబంధించిన విషయము గావునఁ దొందరపడి తీర్పు చెప్పఁజాలక కొంత విచారించితిని.

ఇది లాటిను శబ్దము. ఆ భాషలో ‘ఇచ్చు’ అను నర్థముగల ధాతువునుండి పుట్టిన నపుంసకరూపము ‘దతుమ్’. దాని బహువచనము ‘దత’, అనఁగా ‘ఈయఁబడినవి’. అందలి తొలి యచ్చు హ్రస్వము. ఆంగ్లేయులు లాటినును తమ సంప్రదాయము చొప్పునఁ బలుకుచు నా యచ్చును దీర్ఘించిరి. పిదప నాంగ్లమున దీర్ఘాచ్చులకుఁ గలిగిన పరిణామముచే నది ‘డే’ యైనది. ఆంగ్లనిఘంటువులు ‘డేటా’, ‘డాటా’ రెంటిని నంగీకరించుచున్నవి. మూలహ్రస్వమును విడిచిన దోషము రెంటికిని సమానమే గావున నొకదానినే తప్పనుట న్యాయము గాదు.

ఇఁక ‘దత్త’ శబ్దము. తకారాదియగు కిత్ప్రత్యయము పరమగునపుడు ఘుసంజ్ఞకమైన ‘దా’ ధాతువునకు పాణిని 7-4-46 సూత్రమున ‘దద్’ ఆదేశమును విధించెను. క్తప్రత్యయము చేరి, దకారము చర్త్వముచేఁ దకారము కాఁగా ‘దత్త’ మేర్పడినది. లాటిను రూపమున నీ ద్విత్వము లేదు. కావున నది సంస్కృతమునుండి పుట్టిన దనుట సాహసము. రెండును ఒకే మూలధాతువునుండి వేఱువేఱుగ నేర్పడిన సోదరశబ్దములు. గ్రీకున యూక్లిడు రచించిన ‘దెదోమెన’ యను గ్రంథనామమును ఈ కుదురునకే చెందినది. దాని యర్థమును ‘ఈయఁబడినవి’ యే. సమస్యలో ముందుగా నిచ్చిన యంశము గావున ‘దత్తాంశము’ చక్కని కర్మధారయము.

అయినను మన సీమలో నీ మాటకు వేఱొక స్ఫురణ కలదు. దత్తనఁగాఁ బెంపునకుఁ దెచ్చుకొన్న బిడ్డ. నిజాము 1800లో ఈస్టిండియా కంపెనీకి నిచ్చివేసిన కడప మున్నగు ప్రాంతములకు ‘దత్తమండలము’ లని పేరు. ప్రజల నడుగకయే యిచ్చివేసిరను చిన్నతనము అందు వినఁబడుచుండెను. 1928లో నంద్యాల సభయందు ‘రాయలసీమ’ యను పేరు వెలసినది. కావున ‘దత్తాంశ మనఁగా దత్తు కాగితమా?’ యని రైతడిగిన నవ్వరాదు. ఇచ్చువాఁడు లేక దత్తము లేదు. ఆ యిచ్చువాఁడెవ్వఁడని యడుగుట సరియైన ప్రశ్నయే.

కావున నుపాధ్యాయులకు నా మనవి: ఉచ్చారణభేదమునకు మార్కులు తగ్గింపకుఁడు. దత్తాంశమును బోధించునపుడు ధాతువుతోఁబాటు దత్తమండలముల కథను జెప్పుఁడు. అపుడా మాట బాలురకుఁ బరాయిది గాక యుండును.