పాత బండి: బాగు చేయించాలా, మార్పించాలా, విప్పేయాలా?

పాత మోటార్ సైకిల్ మచిలీపట్నంలో ఒక రకంగా పాడవుతుంది, గోరంట్లలో ఇంకో రకంగా పాడవుతుంది. సముద్రపు గాలి ఇనుమును తినేస్తుంది. గోరంట్ల ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అందుకే ఇక్కడ వసారాలో ఏళ్ల తరబడి నిలిపిన బండికి కూడా ఇనుము గట్టిగానే ఉంటుంది. పోయేది రబ్బరు. టైర్లు పగులుతాయి, పెట్రోలు పైపులు పెళుసవుతాయి, ఆయిల్ సీళ్లు (ఇంజన్‌లోని నూనెను, గాలిని కట్టడి చేసే రబ్బరు వలయాలు) రాయిలా బిగుసుకుంటాయి. ఇక బండి తిరిగిన రోజుల్లో చేలగట్ల దుమ్ము లోపలికి పోయి సిలిండర్ గోడను గీసి ఉంటుంది.

ఇవన్నీ మార్చుకోగల నష్టాలు. చూడటానికి ఎంత దీనంగా ఉన్నా, బాగు చేయించడానికి కోస్తా బండి కంటే కరువు సీమ బండే మేలు.

పాత బండిని ఏం చేయాలన్న ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వస్తోంది. హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 రెండూ 1985లో మన రోడ్ల మీదికి వచ్చాయి. ఆర్‌ఎక్స్ తయారీ 1996లో ఆగింది. జావా, ఎజ్డీ బళ్లను తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ మూతపడింది కూడా అదే ఏడాది. వాటిని కొన్న తరం వృద్ధాప్యంలో ఉంది, లేదా కన్నుమూసింది. పిల్లలు బెంగళూరులో ఉన్నారు. పైగా 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2,000 రూపాయలకు పెంచింది. ఊరికే ఉంచుకోవడానికి కూడా ఖర్చు లెక్క చూడాల్సిన పరిస్థితి.

ఉన్న దారులు మూడు. కంపెనీ నుంచి వచ్చిన రూపానికి తేవడం. మన ఇష్టానికి మార్పించడం. విప్పి పార్టులుగానో తుక్కుగానో అమ్మడం. మెకానిక్ దగ్గరికి వెళ్తే మాట ఇంజన్‌తో మొదలవుతుంది. కాగితాలతో మొదలుపెట్టడం మంచిది.

సొంత వాహనానికి ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అందుకు బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి, బీమా, కాలుష్య పత్రం ఉండాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. గడువు దాటిన ఆర్‌సీతో రోడ్డెక్కితే, చట్టం దృష్టిలో అది రిజిస్ట్రేషన్ లేని బండి. ఆర్‌సీ తండ్రి పేరున ఉండి ఆయన కాలం చేసి ఉంటే, వారసులు ముందుగా తమ పేరుకు మార్పించుకోవాలి. గోరంట్లకు కర్ణాటక సరిహద్దు దగ్గర. బెంగళూరులో కొని తెచ్చిన కేఏ నంబరు బండ్లకు అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, ఏడాది దాటి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. నాలుగు చేతులు మారి మొదటి యజమాని ఆచూకీ దొరకని బండి అయితే, ఇంజన్ ఎంత బాగున్నా దాని మీద డబ్బు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కాగితాల తర్వాత ఛాసిస్. దాని మీద గుద్దిన నంబరు చదవగలిగేలా ఉండాలి, ఆర్‌సీతో కలవాలి. ఫ్రేమ్ వంగిందా, ఎక్కడైనా వెల్డింగ్ పడిందా చూడాలి. ఇంజన్ వంతు ఆ తర్వాతే.

ఇంజన్ విషయంలో జనం అనవసరంగా భయపడతారు. సిలిండర్ అరిగితే లేత్ షెడ్డులో బోరింగ్ చేస్తారు. అంటే అరిగిన గోడను సమానంగా చెక్కి, కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారు. ఇది సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల మెట్లలో సాగుతుంది. 0.25, 0.50, 0.75, చివరికి 1.00. మీ బండి ఇప్పటికే చివరి మెట్టు మీద ఉంటే, లోపల కొత్త స్లీవ్ (సిలిండర్ గోడగా పనిచేసే ఇనుప గొట్టం) దిగ్గొట్టాలి. కాబట్టి మెకానిక్‌ను అడగాల్సిన ప్రశ్న ‘ఇంజన్ పోయిందా?’ అని కాదు, ‘ఎన్నో బోరింగ్ మీద ఉంది?’ అని.

ఆర్‌ఎక్స్, పాత ఎజ్డీలు టూ స్ట్రోక్ బండ్లు. పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్లేలోగా ఒక పేలుడు జరుగుతుంది. అందుకే చిన్న ఇంజన్‌కే అంత ఊపు. కానీ నూనె పెట్రోలుతో పాటే కాలుతుంది, కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. 1996లో, మళ్లీ 2000లో కాలుష్య ప్రమాణాలు బిగిసినప్పుడు ఇవి వెనకబడ్డాయి. కాలుష్య పరీక్షలో నెగ్గాలంటే బోరు, కార్బురేటర్ రెండూ సరిగా ఉండాలి.

ఇంకో కొత్త ఇబ్బంది పెట్రోలులోనే ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇంధనంలో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే ఆ నీరు ట్యాంకు అడుగున చేరుతుంది. వాన పడని ఊళ్లోనూ ట్యాంకుకు లోపలి నుంచి తుప్పు పట్టే దారి ఇది. పాత కాలపు రబ్బరు కూడా ఈ పెట్రోలుకు తట్టుకోదు. నిలిపే బండికి ట్యాంకు ఖాళీ చేయాలి. తిప్పే బండికి పైపులు, కార్బురేటర్ వాషర్లు ఇప్పటి రకానివి వేయించాలి.

ఇక మార్పించడం. సీటు కోసి, మడ్‌గార్డులు పీకి, హ్యాండిల్ మార్చి, పొట్టి సైలెన్సర్ బిగించడం. చాలామందికి ఇది బాగు చేయడానికీ వదిలేయడానికీ మధ్యేమార్గంలా కనిపిస్తుంది. నేను దీన్ని విప్పేయడం పక్కనే పెడతాను. ధర్మవరం పట్టుచీరను కత్తిరించి పావడా కుట్టించినట్టు. పావడా బాగానే ఉండొచ్చు, చీర మాత్రం తిరిగి రాదు.

చట్టం కూడా దాదాపు ఇలాగే చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి, ఇంజన్ మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద, 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. అయితే బండి అసలు రూపంలో ఉండాలి. 1970ల ఎజ్డీలకు ఆ వయసు ఇప్పుడే వస్తోంది. అలాంటి బండి సీటు నేడు కోయించినవాడు ఆ అవకాశాన్నీ కోసుకున్నట్టే. ఆ నంబరు కొత్తగా తీసుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, రోజువారీ తిరగడానికి వీల్లేదు. అది అందరికీ అక్కర్లేదు కూడా.

బండిని బట్టి జవాబు మారుతుంది. సీడీ 100ది తర్వాత వచ్చిన స్ప్లెండర్ వంశం ఇంజనే కాబట్టి పార్టుల కోసం పెద్దగా తిరగక్కర్లేదు. దాన్ని మెరిపించే పని పెట్టుకోకుండా, నడిచేలా చేసి పొలానికి వాడుకోవడమే తెలివైన పని. ఎజ్డీ అయితే బెంగళూరు, మైసూరు వైపు పార్టులు వెతకాలి. 2022లో వచ్చిన కొత్త ఎజ్డీ పేరు ఒకటే, ఇంజన్ పూర్తిగా వేరు, దాని పార్టులు దీనికి పట్టవు. ట్యాంకు మీద కంపెనీ రంగు సగమైనా మిగిలి ఉంటే దాన్ని గీకించకండి. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

కాగితాలు లేనిది, ఛాసిస్ విరిగినది అయితే విప్పేయడానికి వెనకాడనక్కర్లేదు. దాని కార్బురేటర్, గేర్లు, మీటరు ఇంకో నాలుగు బండ్లను బతికిస్తాయి. ఆర్‌సీ ఉంటే మాత్రం విప్పే ముందు రవాణా కార్యాలయంలో రద్దు చేయించాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రంలో ఇస్తే డిపాజిట్ ధ్రువపత్రం కూడా ఇస్తారు. రద్దు చేయించకుండా ఛాసిస్‌ను పాత ఇనుము కొట్టుకు వేస్తే, రేపు ఆ నంబరును ఇంకెవరైనా ఏ బండికి తగిలించినా, నోటీసు వచ్చేది ఆర్‌సీలో ఉన్న పేరుకే.