గర్భిణులకు రక్తపరీక్ష

కోడలో కూతురో నెల తప్పినదని తెలియగానే మనము పథ్యమును గూర్చియు, వేడుకలను గూర్చియు నాలోచింతుము. ఒక్క బొట్టు రక్తముతో తెలియవలసిన సంగతిని మాత్రము సిగ్గుచేత దాటవేయుదుము. సుఖవ్యాధి యను మాట యింట నుచ్చరింపరాదని మన తలంపు. ఆ సిగ్గే బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చుచున్నది.

సుఖవ్యాధులలో సవాయి, అనగా సిఫిలిసు, మిక్కిలి మోసకరమైనది. మొదట నొప్పిలేని చిన్న పుండు పుట్టి, దానంతట నదియే మానును. పిమ్మట రోగి యారోగ్యముగా నున్నట్లే కనబడును. క్రిమి మాత్రము శరీరమున నేండ్లకొలది దాగియుండును. తల్లి యెరుగకయే యది గర్భస్థశిశువును చేరవచ్చును. అందుచేత గర్భస్రావము గాని, మృతశిశువు జన్మించుట గాని, పుట్టిన బిడ్డకు ఎముకలయందును కండ్లయందును వికారము గాని కలుగవచ్చును. కావున బాధ కనబడిన పిదప చూచుకొందమనుట తగదు.

ఈ వ్యాధికి రక్తపరీక్షను 1906లో జర్మనీయందు వాసర్మన్ మున్నగువారు కనిపెట్టిరి. 1943లో అమెరికా వైద్యుడు మహోనీ పెన్సిలిన్‌తో దీనిని నయముచేసి చూపెను. పరీక్షయు మందును నుండియు బిడ్డలు దక్కకపోవుట కొక కారణము ఆలస్యము. రక్తమును దూరపు ప్రయోగశాలకు పంపి, ఫలితము వచ్చునప్పటికి గర్భిణి మరల రాకపోవుట కలదు.

ఈ లోపమును తీర్చునవి శీఘ్రపరీక్షలు. వేలికొనను గ్రుచ్చి తీసిన రక్తముతో సుమారు 20 నిమిషములలో ఫలితము తెలియును. హెచ్.ఐ.వి.ని, సిఫిలిసును ఒక్కమారే చూపు పరీక్షను గర్భిణులకు మొదటి పరీక్షగా వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో తెలిపినది. గ్రామ ఆరోగ్యకేంద్రముననే పరీక్షించి, ఆనాడే పెన్సిలిన్ మొదటి సూది వేసినచో, ఆమె మరల వచ్చునో రాదో యను చింత యుండదు. ప్రసవమునకు కనీసము 30 దినములు ముందుగా చికిత్స మొదలుకావలెను; ఎంత ముందైన నంత మేలు. తల్లి నుండి బిడ్డకు ఈ రెండు వ్యాధులు సోకుటను నిర్మూలించినట్లు 2015లో క్యూబాయు, 2019లో మన పొరుగుననున్న శ్రీలంకయు గుర్తింపు పొందినవి.

ఇక మన వంతు. మొదటి మూడు నెలలలోనే గర్భిణిని ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆస్పత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగు ఏర్పాటు 2016 నుండి కలదు. వ్యాధి యున్నదని తేలినచో కోడలిపై నింద మోపరాదు. అది భర్త నుండియే వచ్చియుండవచ్చును. పూర్వమెప్పుడో నయమైన వ్యాధికిని శీఘ్రపరీక్ష గుర్తు చూపవచ్చును. భర్తకును పరీక్షయు చికిత్సయు జరుగనిచో వ్యాధి మరల నామెకు సోకవచ్చును. ఫలితమును ఆమెకు మాత్రమే చాటుగా తెలుపుట వైద్యశాలవారి ధర్మము. ఆమెను ఆదరించుట యింటివారి ధర్మము. సిగ్గు పోయినను బిడ్డ దక్కుటయే మనకు కావలసినది కాదా?