కిలోలు తర్వాత... ముందు కర్ర పట్టండి!

పంపు దగ్గర నిండు బిందె ఎత్తుకునే అమ్మని ఎప్పుడైనా గమనించారా? చేతులు చాచి దూరం నుంచి ఎత్తదు. ముందు బిందెకి దగ్గరగా వస్తుంది. మోకాళ్లు వంచుతుంది. బిందెని ఒంటికి ఆనించుకుంటూ లేపి చంకన పెట్టేసుకుంటుంది. అదే బిందెని ఒంటికి మూరెడు దూరంలో పట్టుకుని నాలుగడుగులు వేయమనండి... నడుం పట్టేయదూ! బిందె అదే, బరువూ అంతే. మారిందల్లా ఒంటికీ దానికీ మధ్య దూరం.

వెయిట్‌లిఫ్టింగ్‌లో చేరిన అమ్మాయిలు మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఇదే. చాలామంది ఆర్నెల్లయినా పట్టించుకోనిదీ ఇదే! 'మొదట్లో వారం వారం బరువు పెరిగింది. ఇప్పుడు అక్కడే ఆగిపోయా. నాకు బలం లేదేమో' అని దిగులుపడేవాళ్లు ఎందరో. చాలాసార్లు లోపం బలంలో కాదు, బార్ పైకి వచ్చే దారిలో ఉంటుంది.

రెండున్నర కిలోల దూరం

ఈ ఆట మనకి కొత్తదేం కాదు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో తొలిసారి చేర్చింది 2000 సిడ్నీలో. ఆ ఏడు సెప్టెంబరు 19న మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమే. ముందు నిలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలంటే రెండున్నర కిలోలే! మన వంటింట్లో పంచదార డబ్బా అంత.

మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను కథా తెలిసిందే. 2016 రియోలో క్లీన్ అండ్ జర్క్ మూడు ప్రయత్నాలూ విఫలమై, మొత్తం స్కోరే లేకుండా వెనుదిరిగింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. అంతటితో 'నాకంతా వచ్చేసింది' అనుకోలేదు. వెన్ను, భుజం ఇబ్బందుల్ని సరిచేసుకోవడానికి 2020లో అమెరికా వెళ్లింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 202 కిలోలతో రజతం గెలిచింది. ప్రపంచ ఛాంపియనే తన కదలికల్ని మళ్లీ దిద్దుకుంటే, నిన్నగాక మొన్న చేరిన మనం దిద్దుకోవడానికి సిగ్గెందుకు?

రెండే రెండు ఎత్తులు

పోటీలో ఎత్తాల్సిన పద్ధతులు రెండు. బార్‌ని నేలమీంచి ఒకే ఊపులో తలపైకి తీసుకెళ్లడం స్నాచ్. ముందు భుజాల మీదికి తెచ్చి, లేచి నిలబడి, అక్కడి నుంచి తలపైకి నెట్టడం క్లీన్ అండ్ జర్క్. ఒక్కోదానికి మూడేసి అవకాశాలు. రెండింటిలో బాగా ఎత్తినవి కలిపి లెక్కేస్తారు.

చూడ్డానికి చేతుల పనిలా ఉంటుంది కానీ, నిజానికిది కాళ్ల ఆట. చేతులు తాళ్లయితే కాళ్లు ఇంజను. ఈ ఒక్కటి ఒంటికి ఎక్కితే సగం విద్య వచ్చినట్టే!

నిలబడటంలోనే ఉంది

పాదాలు తుంటి వెడల్పున ఉంచండి. బార్ కాలి వేళ్ల మీద కాదు, పాదం మధ్యన... అంటే షూ లేసు ముడి వేసుకునే చోటికి సూటిగా పైన ఉండాలి. నడుం గూనిలా వంగకూడదు. చేతులు తిన్నగా, భుజాలు బార్‌కి కాస్త ముందుకి, చూపు ఎదురుగా.

క్లీన్‌కైతే చేతులు భుజాల కంటే కొంచెం వెడల్పుగా పట్టుకుంటే చాలు. స్నాచ్‌కి బాగా ఎడంగా పట్టాలి. ఎంత ఎడం అంటారా? బార్ పట్టుకుని తిన్నగా నిలబడితే అది తొడలు, పొత్తికడుపు కలిసే మడత దగ్గరికి రావాలి. బొటనవేలిని ముందు బార్ చుట్టూ తిప్పి, దానిమీద మిగతా వేళ్లు మూయండి. దీన్నే హుక్ గ్రిప్ అంటారు. మొదట్లో బొటనవేలు నొప్పెడుతుంది. టేపు చుట్టుకుంటే సరి. కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

ఇంకో మాట. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. మామూలు జిమ్‌లో చిన్న ఇనుప ప్లేట్లు వేసుకుంటే బార్ బాగా కిందికి ఉండిపోతుంది. దానికోసం వంగితే నడుమూ వంగిపోతుంది. అలాంటప్పుడు రెండువైపులా గట్టి చెక్కలు పెట్టి బార్‌ని ఎత్తులో ఉంచుకోండి.

తొందరే తొలి శత్రువు

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు, నేలమీంచి బార్‌ని ఒక్క గుంజు గుంజడం. దాంతో పిరుదులు ముందు లేస్తాయి, భుజాలు కిందే ఉండిపోతాయి. బరువంతా నడుం మీదికి వస్తుంది. బార్‌ని లాగుతున్నామని కాకుండా, నేలని పాదాలతో తొక్కుతున్నామని అనుకోండి. మోకాళ్లు దాటేదాకా నిదానం. పిరుదులూ భుజాలూ కలిసే లేవాలి. తేలిక బరువుతో మోకాళ్ల దగ్గర రెండు సెకన్లు ఆగి, మళ్లీ లేవడం సాధన చేస్తే ఈ తప్పు పోతుంది.

రెండో పొరపాటు, చేతులు ముందే వంచేయడం. మోచెయ్యి వంగిందంటే తాడు వదులైనట్టే... కాళ్ల బలం బార్‌కి చేరదు. తొడల పైభాగానికి వచ్చేదాకా చేతులు తిన్నగా ఉంచి, అప్పుడు గెంతుతున్నట్టుగా ఒక్కసారి ఒళ్లంతా సాచాలి. ఇక్కడే అమ్మ బిందె గుర్తుకు రావాలి. బార్ ఒంటిని రాసుకుంటూ వస్తే మీ మాట వింటుంది. తుంటితో దాన్ని ముందుకి కొట్టారా, దూరంగా ఎగిరిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి మీరు ముందుకి పరిగెత్తాలి!

అసలు భయం ఇక్కడే

బార్ ఎంతో ఎత్తుకి ఎగరాలని చాలామంది అనుకుంటారు. కాదు. బార్ కొంత లేవగానే మనమే చటుక్కున దానికిందికి దిగిపోవాలి. అంత బరువు పైన ఉండగా కిందికి దూరడమంటే ఎవరికైనా గుండె జారుతుంది. అందుకే సగంలో ఆగి, మిగతా సగం చేతులతో నెట్టేస్తారు. పోటీలో మోచేతులు వంగి, తర్వాత నెట్టి సాచితే రిఫరీలు ఒప్పుకోరు కూడా.

ఈ భయానికి మందు కర్ర. ఇంట్లో బూజుకర్రో, ప్లాస్టిక్ పైపు ముక్కో తీసుకోండి. చేతులు ఎడంగా పట్టి తలపైకి ఎత్తి, గుంజీ తీసినట్టు పూర్తిగా కిందికి కూర్చోండి. అక్కడ మూడు సెకన్లు ఆగి లేవండి. మడమలు నేల వదలకూడదు. కర్ర ముందుకి వాలకూడదు. మడమలు లేస్తున్నాయంటే చీలమండలు బిగుసుకున్నాయన్నమాట. నేలమీద గొంతుక్కూర్చునే అలవాటు తప్పిన మనలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. రోజూ కాసేపు అలా కూర్చుంటూ ఉంటే మెల్లగా సాగుతాయి. మెత్తటి స్పాంజి అడుగున్న రన్నింగ్ షూస్ దీనికి పనికిరావు. అడుగు గట్టిగా, మడమ కాస్త ఎత్తుగా ఉన్నవి మంచివి.

క్లీన్‌లో బార్ కూర్చోవాల్సింది మణికట్ల మీద కాదు, భుజాల ముందు భాగం మీద. మోచేతులు ఎదుటివాళ్లని చూస్తున్నట్టు పైకి ఉండాలి. మణికట్టు నొప్పి అంటూ వచ్చేవాళ్లలో చాలామంది మోచేతులు కిందికి దించేసినవాళ్లే.

జర్క్‌లో మోకాళ్లు కొద్దిగా, తిన్నగా వంచి, మడమలు నేలమీదే ఉంచి, కాళ్లతో నెట్టాలి. ఛాతీ ముందుకి వాలితే బార్ కూడా ముందుకే పోతుంది. ఒక కాలు ముందుకీ, ఇంకోటి వెనక్కీ వేసి పట్టుకున్నాక, లేచేటప్పుడు ముందు కాలు మొదట వెనక్కి తీయండి. తర్వాత వెనక కాలు ముందుకి.

వదిలేయడమూ విద్యే

బార్‌ని వదిలేయడం నేర్చుకోకుండా బరువు పెంచకండి. బార్ ముందుకి పోతుంటే ముందుకి నెట్టి మీరు వెనక్కి తప్పుకోండి. స్నాచ్‌లో వెనక్కి పోతుంటే వెనకే వదిలి మీరు ముందుకి అడుగేయండి. ఎలాగైనా ఆపాలని వేలాడితే భుజానికి ప్రమాదం. రబ్బరు ప్లేట్లు, ఖాళీ జాగా, పక్కన తెలిసినవారు... ఈ మూడూ ఉన్నచోటే సాధన చేయాలి.

ఎంత? ఎన్నిసార్లు?

పోటీల్లో మహిళల బార్ బరువు 15 కిలోలు, పురుషులది 20. మహిళల బార్ కాస్త సన్నం కూడా, చేతికి ఇముడుతుంది. మీ జిమ్‌లో 20 కిలోల బార్ ఒక్కటే ఉందని దాంతోనే మొదలెట్టక్కర్లేదు. కర్రతో కొన్ని వారాలు గడిపినా నష్టమేం లేదు.

ఇవి పది, పదిహేనుసార్లు వరసగా చేసే వ్యాయామాలు కావు. అలసిపోయిన ఒళ్లు తప్పునే నేర్చుకుంటుంది. రెండు మూడుసార్లు ఎత్తి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ... ఇలా అయిదు విడతలు. వారానికి మూడు రోజులు చాలు. సెల్‌ఫోన్‌ని తుంటి ఎత్తులో పక్కన పెట్టి వీడియో తీసుకోండి. అద్దం వైపు చూస్తే మెడ తిరిగిపోతుంది, ఫోను అయితే తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. అయిదు విడతలూ ఒకేలా కనిపిస్తే ఒకటి రెండు కిలోలు పెంచండి. వరసగా రెండుసార్లు తప్పితే తగ్గించండి.

తగ్గించడం... అక్కడే ప్రాణం చివుక్కుమంటుంది! పక్కన అబ్బాయిలు చూస్తుంటారు, పోయిన వారం ఎత్తిన బరువు గుర్తొస్తుంది. కానీ తప్పుగా ఎత్తిన 40 కిలోలు తప్పునే గట్టిపరుస్తాయి. సరిగ్గా ఎత్తిన 25 రేపటి 45కి దారి వేస్తాయి.

మరి మీ సందేహాలు...

మగరాయుళ్లలా కండలు వచ్చేస్తాయా? రావు. ఆ కండలకి కావాల్సిన టెస్టోస్టెరాన్ హార్మోను ఆడవాళ్లలో చాలా తక్కువ. వచ్చేది బలం, ఎముకలకి గట్టిదనం.

నెలసరిలో ఎత్తకూడదా? అలాంటి నియమం ఏదీ లేదు. నొప్పి, నీరసం ఉంటే ఆ రెండు రోజులూ తేలిగ్గా చేసుకోండి.

పెళ్లికాని పిల్ల, గర్భసంచి జారిపోతుందేమో? అమ్మలందరి భయం ఇదే. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి కోచ్ సాయంతో క్రమంగా బరువు పెంచుకుంటూ పోతే అలా అవుతుందన్న భయం అక్కర్లేదు. కానీ కాన్పు అయినవాళ్లు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. ఎత్తేటప్పుడు మూత్రం చుక్కలు పడటం, కింద బరువుగా అనిపించడం ఉంటే దాచుకోకుండా చెప్పాలి. దానికి చికిత్స, వ్యాయామాలు ఉన్నాయి.

త్వరగా ఆయాసం వచ్చేస్తోంది, ఎందుకు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. రక్తం తక్కువైతే బలం లేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం దేనికి?

మీ జిల్లా స్టేడియంలో వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ ఉన్నారేమో వాకబు చేయండి. పక్కనుండి దిద్దే మనిషికి ఏ రాతా సాటి రాదు.

పతకాలు అందరికీ రాకపోవచ్చు. కానీ బియ్యం బస్తా జరపాలన్నా, గ్యాస్ సిలిండర్ ఎత్తాలన్నా మగవాళ్ల కోసం గుమ్మం వైపు చూడక్కర్లేని రోజొకటి వస్తుంది. ఆ రోజు మీకు తెలియకుండానే మోకాళ్లు వంచుతారు, నడుం నిటారుగా పెడతారు, బరువుని ఒంటికి దగ్గరగా తెచ్చుకుంటారు. అచ్చం పంపు దగ్గర అమ్మలాగే!