చమురు పంపు గాస్కెట్టు

ప్రొద్దుటూరునుండి జమ్మలమడుగునకును, పులివెందులకును వేసవిలో మోటారు నడపువారు చమురు ఒత్తిడిని చూపు ముల్లుపై నొక కన్ను వేసియుంచుట మంచిది. వేడెక్కిన కొలది చమురు పలుచబడును. పలుచని చమురు జారిపోవుటకు సన్నని సందైనను చాలును. ఆ సందును మూయునది కాగితమువంటి చిన్న గాస్కెట్టు.

పంపులో రెండు పండ్లచక్రములు ఒకదాని నొకటి కరచుకొని తిరుగుచు, అడుగు తొట్టిలోని చమురును పైకి నెట్టును. చక్రములకును మూతకును నడుమ నుండవలసిన యెడము అంగుళములో వేయింట కొన్ని పాళ్లు మాత్రమే. అనేక యింజనులలో ఆ యెడమును నిర్ణయించునది గాస్కెట్టు మందమే. దొరికిన అట్టముక్కను కత్తిరించి పెట్టుట కొందరికి పొదుపుగా దోచును. కాని అది మందమైనచో చమురు వెనుకకు జారి ఒత్తిడి పడిపోవును; మిక్కిలి పలుచనైనచో చక్రములు మూతను రాచుకొనును.

మార్చుటకు పాత చమురును దింపి, తొట్టిని విప్పి, పంపును ఊడదీయవలెను. కొన్ని పాత యింజనులలో డిస్ట్రిబ్యూటరును పంపును ఒకే యిరుసుతో ముడిపడియుండును. ముందుగా గుర్తు పెట్టుకొననిచో, తిరిగి బిగించిన పిమ్మట ఇంజను సరిగా అంటుకొనదు.

తరువాత పాత గాస్కెట్టును గీకివేయుట. ఇచ్చట మన సీమవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట గలదు. పులివెందుల ప్రాంతమున బ్రాహ్మణపల్లె కడ, సున్నపురాతిలోనికి కరిగిన నల్లరాయి చొచ్చుకొనివచ్చిన తావున రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, ఏర్పడినది. వేడికి చెడదు గనుక ఈ జాతి నారను పూర్వము ఇంజను గాస్కెట్లలో విరివిగా కలుపుచుండిరి. దాని ధూళి ఊపిరితిత్తులలో నిలిచి, ఇరువది ముప్పది యేండ్లకైనను క్యాన్సరును పుట్టింపగలదు. 1986లో ప్రభుత్వము ఈ గనులకు క్రొత్త లీజు లిచ్చుటను, 1993లో పాతవానిని పొడిగించుటను నిలిపివేసినది. పాత బండిలోని గాస్కెట్టునందు అది యున్నదో లేదో కంటితో చూచి తెలిసికొనరాదు. కావున దానిని పొడిగా గీకరాదు, తీగబ్రష్షుతో రుద్దరాదు, గాలి కొట్టరాదు. పని నేర్చుకొను బాలురు దుమ్మును నోటితో ఊదుట నేను చూచియున్నాను. అది అన్నింటికన్న చెడ్డది. నీటితో బాగుగా నానబెట్టి, మొద్దు పలుగుతో మెల్లగా తీసి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూతి కట్టి పారవేయవలెను.

క్రొత్తదానిని బిగించునప్పుడు జిగురు పూతను దట్టముగా పూయరాదు. దాని పేడులూడి చమురు జల్లెడను మూయును. ఎండిన పంపు పీల్చలేదు గనుక ముందుగా దానిలో చమురు నింపవలెను. బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. పిమ్మట తొట్టిని కట్టి, క్రొత్త చమురు పోసి, నిప్పురవ్వ రాకుండ తీగ తీసి ఇంజనును త్రిప్పుచు ముల్లును చూడవలెను. ముల్లు లేచిన పిదపనే తీగ తగిలింపవలెను. లేవనిచో పంపును మరల విప్పవలసినదే.